హోస్టింగు వినియోగ నియమావళిని తిరగరాయడం: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఇతరుల వెబ్‌సైట్లనూ మెయిల్‌నూ మా సర్వర్లలో నడిపిపెట్టే మా హోస్టింగు సేవకు వినియోగ నియమావళి ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఖాతా తెరిచే ప్రతివారూ దాని పక్కనున్న గడిలో టిక్కు పెట్టి ముందుకు సాగిపోతారు. వాళ్లు చదవరు సరే, నిజం చెప్పాలంటే మేమూ చదవము. ఈ రోజు దాన్ని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. నలభైకి పైగా నిషేధాలున్నాయి. వాటిలో చాలాభాగం ఎవరో ఎక్కడినుంచో ఎత్తి రాసుకున్నవేనని తెలిసిపోతోంది. డయలప్ కనెక్షన్లను గంటల తరబడి ఖాళీగా పట్టి ఉంచరాదన్న నిబంధన, న్యూస్‌గ్రూపుల్లో (పాతకాలపు చర్చావేదికల్లో) ఒకే సందేశాన్ని పదేపదే వేయరాదన్న నిబంధన ఇంకా అందులోనే కూర్చుని ఉన్నాయి. "సర్వరుపై అధిక భారం వేయరాదు" అని ఒక వాక్యం ఉంది. ఎంత దాటితే అధికమో, దాన్ని ఎవరు కొలుస్తారో, ఎంతసేపటి లెక్క తీసుకుంటారో ఎక్కడా లేదు.

ఈ పని నా నెత్తిన పడటానికి గత నెలలో జరిగిన ఒక సంఘటన కారణం. కొత్త నియమావళిలోని సగం వాక్యాలు దానిలోంచే పుట్టబోతున్నాయి కాబట్టి ఇక్కడ వివరంగా రాసిపెట్టుకుంటున్నాను. రాత్రి ఒంటిగంట దాటాక ఒక షేర్డ్ సర్వరులో (చాలామంది సైట్లు కలిసి ఉండే యంత్రంలో) మెయిల్ క్యూ, అంటే బయటికి వెళ్లడానికి వేచి ఉన్న ఉత్తరాల వరుస, పెరిగిపోతోందని మానిటరింగ్ హెచ్చరిక వచ్చింది. మామూలుగా రెండు మూడు వందలు దాటని క్యూ ఇరవై వేలు దాటి ఉంది. మెయిల్ పంపే ప్రోగ్రామైన ఎగ్జిమ్ క్యూలోంచి ఒక ఉత్తరాన్ని పైకి తీసి హెడర్లు (పంపిన వివరాలుండే పై వరుసలు) చూస్తే, పంపిన స్క్రిప్టు ఏదో తెలిపేందుకు సైట్లను నడిపే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ జోడించే వరుస కనిపించింది. అందులో యూజరు సంఖ్య, దాని వెనకే ఒక ఫైలు పేరు ఉన్నాయి. ఆ ఫైలు ఉన్న చోటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఒక సైటులోని అప్‌లోడ్స్ ఫోల్డరు. బొమ్మలు, పత్రాల వంటివి తప్ప మరేమీ ఉండకూడని చోట పీహెచ్‌పీ ఫైలు కనబడితే ఇక అనుమానించనక్కరలేదు. తెరిస్తే లోపల ఒకే ఒక్క పొడవాటి వరుస, మనిషి చదవడానికి వీల్లేని అక్షరాల ముద్ద.

రాత్రి డ్యూటీలో ఉన్న సహోద్యోగి నియమావళి తెరిచాడు. "స్పామ్ పంపిన ఖాతా తక్షణం రద్దగును" అని ఉంది. అతను అక్షరాలా అదే చేశాడు, అందులో అతని తప్పేమీ లేదు. తెల్లవారాక సైటు యజమాని ఫోన్ చేశారు. "నేను ఎవరికీ ఏమీ పంపలేదండీ, నా సైటు ఎందుకు మూసేశారు? నా మెయిల్ కూడా తెరుచుకోవడం లేదు" అన్నారు. ఆయన చెప్పినది నిజమే. కాంటాక్ట్ ఫారం ప్లగిన్ (సైటుకు తగిలించే అదనపు ప్రోగ్రాము) ఒకటి చాలాకాలంగా అప్‌డేట్ కాలేదు, దానిలోని లొసుగు గుండా ఎవరో చొరబడ్డారు. మా నియమావళి లెక్కన మాత్రం ఆయన స్పామరు. రద్దు చేశామన్న నోటీసును మేము పంపినది కూడా మేమే మూసేసిన ఆయన మెయిల్ చిరునామాకే.

అందుచేత ఈ ప్రాజెక్టుకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి నిబంధన పక్కన మూడు గడులు గీస్తాను. ఉల్లంఘన జరిగిందని మాకు ఎలా తెలుస్తుంది, తెలిసిన వెంటనే మేము చేసే మొదటి పని ఏమిటి, ఖాతాదారు తిరిగి మామూలు స్థితికి రావడానికి దారి ఏది. మూడు గడులూ నిండని నిబంధన కొత్త ప్రతిలోకి రాదు.

3వ రోజు

పని మొదలుపెట్టే ముందు పాత కాగితాలు చదివాను. ఈ రకం నియమావళుల చరిత్ర నేను అనుకున్నదానికంటే పాతది. అమెరికాలో విశ్వవిద్యాలయాల, పరిశోధనా సంస్థల నెట్‌వర్కులను కలిపిన ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ వెన్నెముక వ్యవస్థకు 1992లో అమల్లో ఉన్న వినియోగ విధానంలో, ఇవాళ హోస్టింగు ఖాతాదారుల్లో అత్యధికులు చేసే పనే నిషిద్ధం: లాభార్జన కోసం నెట్‌వర్కును వాడుకోవడం. పరిశోధనకూ విద్యకూ మాత్రమే అనుమతి. 1995 ఏప్రిల్ 30న ఆ వ్యవస్థ సేవలు ముగియడంతో ఆ నిషేధం కూడా పోయింది.

నాకు ఎక్కువ పనికొచ్చినవి రెండు ఆర్‌ఎఫ్‌సీలు, అంటే ఇంటర్నెట్ పద్ధతుల గురించి సంఖ్యలవారీగా ప్రచురించే పత్రాలు. 1988 నవంబరులో తనంతట తానే వ్యాపించే మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాము వేలాది యంత్రాలను స్తంభింపజేసిన కొద్దికాలానికే, 1989 జనవరిలో, ఇంటర్నెట్ నైతికత గురించి ఆర్‌ఎఫ్‌సీ 1087 వెలువడింది. అనైతికమైన పనులుగా అది అయిదింటిని చెబుతుంది. అనుమతి లేకుండా చొరబడటం, ఇతరుల వినియోగాన్ని భంగపరచడం, వనరులను వృథా చేయడం, సమాచారాన్ని చెరపడం, గోప్యతను భంగపరచడం. వనరులంటే ఏమిటో వివరించేటప్పుడు అది మనుషులను మొదట పేర్కొని, సామర్థ్యాన్నీ కంప్యూటర్లనూ తర్వాత చెప్పింది. క్యూ శుభ్రం చేస్తూ తెల్లవార్లూ కూర్చున్నవాడికి ఆ వరుస ఎంత సబబో బాగా తెలుస్తుంది.

రెండోది 2000 నవంబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 3013. ఇంటర్నెట్ సేవలందించే ప్రతి సంస్థకూ ఇటువంటి విధానం ఉండాలనీ, దాన్ని అందరికీ కనబడేలా ప్రచురించాలనీ, ఉల్లంఘిస్తే ఏ చర్య తీసుకుంటారో అందులోనే స్పష్టంగా చెప్పాలనీ అది సూచిస్తుంది. మా పాత ప్రతిలో చర్య అనే మాటకు ఒకే అర్థం ఉంది, రద్దు.

5వ రోజు

ఈ రోజంతా మెయిల్ విభాగానికే సరిపోయింది. షేర్డ్ సర్వరులో వందల సైట్లు ఒకే ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో యంత్రానికుండే సంఖ్యా చిరునామా) నుంచి ఉత్తరాలు పంపుతాయి. ఒక్క ఖాతా చెడినా ఆ అడ్రసు మొత్తం బ్లాక్‌లిస్టుకెక్కుతుంది. అక్కడినుంచి, ఏ పాపమూ ఎరుగని మిగతావాళ్లు పంపే బిల్లులు, పాస్‌వర్డు మార్పిడి ఉత్తరాలు కూడా ఎదుటి సర్వర్ల తలుపు దగ్గరే ఆగిపోతాయి. ఖాతాదారుకు మేము ఎన్నడూ చెప్పనిది ఇదే. "స్పామ్ పంపరాదు" అని ఆజ్ఞాపించాం గానీ, ఆయన పొరుగున ఎవరెవరున్నారో, ఆయన జాగ్రత్త వారికి ఎందుకు అవసరమో ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. కొత్త ప్రతిలో ఆ విభాగం ఈ వివరణతోనే మొదలవుతుంది.

తర్వాత సంఖ్యలు. మా సర్వర్ల లాగ్ ఫైళ్లు (జరిగినదంతా నమోదయ్యే ఫైళ్లు) తిరగేస్తే, మామూలు సైటు గంటకు పదుల సంఖ్యలో కూడా ఉత్తరాలు పంపదు. అందుకే షేర్డ్ ఖాతాలకు గంటకు 200 అని పరిమితి రాశాను. అది దాటినప్పుడు ఆగేది బయటికి వెళ్లే మెయిల్ మాత్రమే. సైటు నడుస్తుంది, వచ్చే మెయిల్ వస్తుంది, కంట్రోల్ ప్యానెల్ తెరుచుకుంటుంది. ఆగిన సంగతి ఖాతాదారు ముందుగా ఇచ్చిన వేరే చిరునామాకూ, ఫోనుకూ వెళుతుంది. దీనికోసం నమోదు ఫారంలో ‘మా దగ్గర హోస్టు కాని మరొక మెయిల్ చిరునామా’ అనే గడి చేర్చమని అడిగాను. చిన్న గడే, ఆ రాత్రి మా నోటీసు సైటు యజమానికి చేరకపోవడానికి కారణం అది లేకపోవడమే.

సందేహమంతా వార్తాలేఖలు పంపేవారి గురించే. కొన్న చిరునామాల జాబితాకు పంపరాదు అన్నది తేలిక. అనుమతి అంటే ఏమిటన్నది అంత తేలిక కాదు. అయిదేళ్ల క్రితం ఒకసారి వస్తువు కొన్నవారు ఈ రోజు ప్రకటన అందుకోవడానికి ఒప్పుకున్నట్టేనా? నేను రాసిన జవాబు ఇది: పేరు నమోదు చేసుకున్న తేదీని, ఏ పేజీలో నమోదు చేసుకున్నారో ఆ వివరాన్ని అడిగినప్పుడు చూపించగలిగితే అనుమతి ఉన్నట్టు, చూపించలేకపోతే లేనట్టు. దీన్ని కొలవవచ్చు. పైగా ఈ విషయంలో మేము మెతకగా ఉన్నా పెద్ద మెయిల్ సంస్థలు ఉండవు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, తన వినియోగదారులకు రోజుకు 5,000 లేదా అంతకు మించి ఉత్తరాలు పంపేవారు ఉత్తరం నిజంగా తమ డొమైన్ నుంచే వచ్చిందని సరిచూసుకోవడానికి వీలిచ్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టుకోవాలనీ, ప్రచార ఉత్తరాల్లో ఒకే నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలుండాలనీ, స్పామ్ ఫిర్యాదుల శాతం 0.3కు చేరకుండా చూసుకోవాలనీ అడుగుతోంది. ఆ మూడు రికార్డులనూ మేము కొత్త ఖాతా తెరిచినప్పుడే పెట్టి ఇవ్వగలిగితే, ఖాతాదారుపై ఒక నియమం తగ్గినట్టే. దాన్ని నియమావళిలో రాయకుండా మా పనుల జాబితాలో రాశాను.

6వ రోజు

అమ్మకాల బృందంతో ‘అపరిమితం’ అనే మాట మీద సమావేశం జరిగింది, గంటన్నర పట్టింది. వారి పేజీలో డిస్కు అపరిమితం, నా నియమావళిలో మాత్రం పరిమితులు. ఖాతాదారు రెండూ చదివితే మేము ఏదో ఒకచోట అబద్ధమాడుతున్నామని అనుకోక తప్పదు.

వాదన సాగుతుండగా పోయిన ఏడాది నాటి ఒక టికెట్టు తెరపై చూపించాను. సర్వరు డిస్కులో మూడోవంతుకు పైగా ఖాళీ ఉంది, అయినా కొత్త ఫైలు ఒక్కటి కూడా రాయలేనని, చోటు లేదని మొరాయిస్తోంది. కారణం ఇనోడ్లు, అంటే ఫైలుకొకటి చొప్పున దాని వివరాలు దాచే గడులు. డిస్కులో ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఎన్ని ఫైళ్లు పట్టాలన్నది డిస్కును ఫార్మాట్ చేసేనాడే నిర్ణయమైపోతుంది. సాధారణ అమరికలో ప్రతి 16,384 బైట్లకు ఒక ఇనోడు చొప్పున కేటాయిస్తుంది. అంటే 10 లక్షల ఫైళ్లు పెట్టుకున్న ఖాతా, అవన్నీ చిటికెడంత ఫైళ్లే అయినా, పదహారు గిగాబైట్ల డిస్కుకు రావలసిన ఇనోడ్లను తానొక్కటే తినేసినట్టు. ఆనాడు తినేసినవి ఒక క్యాష్ ప్లగిన్ (పేజీల నకళ్లు దాచిపెట్టేది) తాను తుడవకుండా వదిలేసిన ఫైళ్లు. ఆ ఖాతా వాడుతున్న డిస్కు రెండు గిగాబైట్లు కూడా లేదు. అమ్మకాల పేజీ ప్రకారం ఆ ఖాతాదారు ఏ తప్పూ చేయలేదు, అయినా సర్వరులోని సైట్లన్నీ ఆగాయి.

చివరికి అమ్మకాల బృందం ఆ మాట తీసేయడానికి ఒప్పుకోలేదు, దాని పక్కన చుక్క గుర్తు పెడతామన్నారు. చుక్క గుర్తు పెట్టి కింద చిన్న అక్షరాల్లో చెప్పేదాన్ని నేను వాగ్దానంగా లెక్కించలేను. సంఖ్యలనైనా అదే పేజీలో, ధర రాసినంత పెద్ద అక్షరాల్లోనే వేయమన్నాను. నిర్ణయం పైవారికి వెళ్లింది.

9వ రోజు

ప్రాసెసరు, మెమరీ, క్రాన్ పనులు (నిర్ణీత వేళల్లో వాటంతటవే నడిచేవి). ఇక్కడ పెద్దగా రాయవలసింది కనబడలేదు. ప్రతి ఖాతాకూ పరిమితులను కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) స్థాయిలోనే బిగించాం కాబట్టి, ఒకరి భారం పక్కవారి మీద పడేది తక్కువ. యంత్రమే ఆపగలిగిన దాన్ని నియమంగా రాసి మనిషిని బెదిరించడం దండగ. నిమిషానికొకసారి నడిచే క్రాన్ పనులకు అయిదు నిమిషాల కనీస వ్యవధి పెట్టాను. క్రిప్టో మైనింగ్‌ను (ప్రాసెసరు శక్తి వాడి క్రిప్టో నాణేలు సంపాదించడాన్ని) షేర్డ్ ఖాతాల్లో పూర్తిగా నిషేధించాను. మా దగ్గర అది కనబడిన ప్రతిసారీ, దాన్ని నడుపుతున్నది ఖాతాదారు కాక ఆయన పాస్‌వర్డు దొంగిలించినవారే అయ్యారు. కాబట్టి అక్కడ కూడా మొదటి చర్య ప్రాసెసును ఆపి పాస్‌వర్డు మార్పించడమే.

10వ రోజు

వీపీఎస్, అంటే తమకంటూ ఒక వర్చువల్ సర్వరు తీసుకున్న ఖాతాదారుల సంగతి వేరు. వారికి రూట్ అధికారం, అంటే దానిపై పూర్తి అధికారం, ఉంది, మేము లోపలికి చూడము. అందువల్ల నియమం లోపల ఏముందో చెప్పకూడదు, బయటికి ఏం వస్తుందో చెప్పాలి. ఇందుకు, తరచూ కావలసిన సమాచారాన్ని మెమరీలో దాచి అందించే మెమ్‌క్యాష్‌డి అనే ప్రోగ్రాము కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఏ డేటాబేసు ముందో పెట్టుకోవడానికి దాన్ని ఇన్‌స్టాల్ చేసినవారు, యూడీపీ (పంపినవారి అడ్రసును సరిచూడకుండానే ప్యాకెట్లు అందుకునే పద్ధతి) 11211 పోర్టు ప్రపంచమంతటికీ తెరిచి ఉందని గమనించరు. దాడి చేసేవారు బాధితుడి అడ్రసును తమదిగా చూపి చిన్న ప్రశ్న పంపితే, అది వేల రెట్ల పెద్ద జవాబును బాధితుడి మీదికి విసురుతుంది. 2018 ఫిబ్రవరి చివర ప్రోగ్రాముల కోడు దాచుకునే సైటు గిట్‌హబ్ మీద ఈ పద్ధతిలోనే సెకనుకు 1.35 టెరాబిట్ల దాడి జరిగింది. ఆ దెబ్బతో మెమ్‌క్యాష్‌డి 1.5.6 నుంచి యూడీపీని మొదటి అమరికలోనే మూసేశారు. ఆ జవాబులు విసిరిన సర్వర్ల యజమానులకు తమ యంత్రం ఏం చేస్తోందో తెలిసి ఉండే అవకాశం చాలా తక్కువ.

రాసిన నియమం: మెమ్‌క్యాష్‌డి, ఎవరు అడిగినా జవాబిచ్చే డీఎన్‌ఎస్ రిజాల్వరు (సైటు పేరుకు ఐపీ అడ్రసు చెప్పేది), ఓపెన్ ప్రాక్సీ (ఎవరి కనెక్షన్‌నైనా తన మీదుగా పంపేది) వంటి సేవలను అందరికీ తెరిచి ఉంచరాదు. మేము వారానికోసారి మా సొంత అడ్రసులను స్కాన్ చేస్తాము. తెరిచి ఉన్నట్టు కనబడితే 48 గంటల వ్యవధితో ఉత్తరం రాస్తాము. దాడి అప్పటికే జరుగుతుంటే మాత్రం ఆ పోర్టును వెంటనే మూసి తర్వాత రాస్తాము.

ఇది రాస్తుంటే ఒక ఇబ్బందికరమైన విషయం తట్టింది. తనది కాని అడ్రసుతో బయలుదేరే ప్యాకెట్లను నెట్‌వర్కు అంచులోనే ఆపాలని 2000 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2827 చెబుతుంది. అంటే అడ్రసు నకిలీ చేయరాదని ఖాతాదారుకు చెప్పడంతో మా పని తీరదు, దాన్ని ఆపవలసిన రౌటరు మా చేతిలోనే ఉంది. నెట్‌వర్కు బృందాన్ని అడిగితే రెండు ర్యాకుల్లో (సర్వర్లు పేర్చిన అరల్లో) ఆ వడపోత ఇంకా పెట్టలేదని తేలింది. అది పూర్తయ్యేదాకా ఆ నిబంధనను ప్రచురించకూడదని పక్కన పెట్టాను.

13వ రోజు

ఫిర్యాదుల విభాగం. 1997 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2142, దుర్వినియోగంపై ఫిర్యాదుల కోసం సంస్థలు తమ డొమైన్‌లో ‘అబ్యూజ్’ అనే పేరుతో ఒక మెయిల్ పెట్టె పెట్టుకోవాలని సూచిస్తుంది. మాకూ ఉంది. దాన్ని తెరిచి చూస్తే యంత్రాలు పంపిన నివేదికల కింద మనుషులు రాసిన ఉత్తరాలు పూడుకుపోయి ఉన్నాయి. ఇకపై నిర్ణీత రూపంలో వచ్చే నివేదికలను ప్రోగ్రామే విడదీసి ఖాతాలకు జతచేస్తుంది, మనుషుల ఉత్తరాలను మనిషే చదువుతాడు.

ఫిర్యాదులన్నింటికీ ఒకే గడువు పెట్టడం పాత ప్రతిలోని పెద్ద లోపం. బ్యాంకు లాగిన్ పేజీని అనుకరించే ఫిషింగ్ పేజీ ఒక గంట ఉన్నా ఎవరో ఒకరు మోసపోతారు. దానికి మూడురోజుల నోటీసు ఇవ్వడం మోసగాడికి సాయపడటమే అవుతుంది. అందుచేత అక్కడ ముందు ఆ ఫోల్డరును మూసి, ఆధారాలు భద్రపరచి, ఆ తర్వాతే ఖాతాదారును అడుగుతాము. పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాల విషయంలో సంప్రదింపులకు చోటే లేదు. వెంటనే మూత, చట్టపరమైన అధికారులకు నివేదిక.

కాపీరైటు ఫిర్యాదు అలా కాదు. ఫిర్యాదు చేసినవారే హక్కుదారులని మాకు తెలియదు, పోటీదారుని సైటు మూయించడానికి రాసినవీ వస్తాయి. అమెరికా 1998లో చేసిన చట్టం ఫిర్యాదుకు ప్రతినోటీసు ఇచ్చే హక్కును ఖాతాదారుకు ఇచ్చింది. చట్టాలు దేశానికో రకంగా ఉన్నా ఆ ఏర్పాటులోని న్యాయం నాకు నచ్చింది. ఫిర్యాదు ప్రతిని ఖాతాదారుకు పంపడం, జవాబుకు గడువు ఇవ్వడం, వచ్చిన జవాబును ఫిర్యాదుదారుకు చేర్చడం అన్న క్రమాన్ని రాశాను. ఒక సైటులోని విమర్శ ఎవరికో నచ్చలేదని వచ్చే ఫిర్యాదుకు నియమావళిలో చోటివ్వలేదు. అది కోర్టులు తేల్చవలసిన విషయం, సర్వరు నడిపేవాడు తేల్చేది కాదు.

15వ రోజు

ప్రతిని సాంకేతిక రంగంతో సంబంధం లేని, తన వృత్తి కోసం చిన్న సైటు నడుపుకునే ఒక ఖాతాదారుకు ఇచ్చి, నా ముందే చదవమని కోరాను. ఆవిడ రెండు పేజీలు ఓపిగ్గా చదివి, "ఇదంతా సరేనండీ, నా దగ్గర నేర్చుకున్న పాత విద్యార్థులకు కొత్త తరగతుల సంగతి మెయిల్ చేయవచ్చా, కూడదా?" అని అడిగారు. జవాబు నా ప్రతిలో ఉంది, ఆవిడకు దొరకలేదు. ‘అయాచిత సామూహిక సమాచార ప్రసారం’ అని నేను రాసిన మాట దగ్గర ఆవిడ కన్ను ఆగనే లేదు. దాన్ని కొట్టేసి, "అడగనివారికి గుంపుగా పంపే మెయిల్" అని రాశాను. ప్రతి విభాగం చివర చేయవచ్చు, చేయకూడదు అన్న ఉదాహరణలు రెండేసి చేర్చాను. సైటు బ్యాకప్‌ను జిప్ చేసి అదే ఖాతాలో నెలల తరబడి ఉంచుకోవచ్చా అని కూడా అడిగారు. కూడదు, కారణం చోటు ఒక్కటే కాదు, సర్వరు పోతే ఆ బ్యాకప్ కూడా దానితోనే పోతుంది. అది కూడా ఉదాహరణల్లోకి చేరింది.

18వ రోజు

న్యాయ సలహాదారు ప్రతిని తిప్పి పంపుతూ చివర ఒక వాక్యం కలిపారు: "సంస్థ తన సంపూర్ణ విచక్షణ మేరకు, ఏ కారణం చెప్పకుండానే, ఏ ఖాతానైనా ఎప్పుడైనా రద్దు చేయవచ్చును." మూడు వారాలుగా గడులు నింపి రాసిన ముప్పై నిబంధనలను ఆ ఒక్క వాక్యం మింగేస్తుంది. ఆయన వాదనలోనూ పస ఉంది. మేము ఊహించని దుర్వినియోగం రేపు రావచ్చు, దానికి తలుపు తెరిచి ఉండాలి. చాలాసేపు మాట్లాడుకున్నాక ఇలా కుదిరింది: ముందుగా చెప్పని కారణంతో ఖాతాను ఆపవలసివస్తే, ఇతర ఖాతాదారులకు కలుగుతున్న హాని ఏమిటో రాతపూర్వకంగా తెలపాలి, ఇద్దరు ఉద్యోగులు సంతకం చేయాలి, ఖాతాదారు తన సమాచారాన్ని దింపుకోవడానికి 15 రోజుల సమయం ఇవ్వాలి. చట్టవిరుద్ధమైన సమాచారానికి ఈ సమయం వర్తించదు.

26వ రోజు

కొత్త నియమావళి అమల్లోకి వచ్చి మూడు రోజులైంది. నిన్న రాత్రి మళ్లీ ఒక షేర్డ్ సర్వరులో ఒక ఖాతా గంటకు 200 దాటింది. బయటికి వెళ్లే మెయిల్ దానంతటదే ఆగింది, రెండో చిరునామాకు ఉత్తరం వెళ్లింది. ఈసారి కారణం చొరబాటు కాదు. ఆ ఖాతాదారు తన సభ్యులందరికీ ఒకేసారి ఆహ్వానం పంపారు. ఉదయం ఎనిమిదిన్నరకే జవాబు రాశారు, నమోదు తేదీల జాబితా కూడా జతచేశారు. రాత్రి డ్యూటీ సహోద్యోగి ఆ జాబితా చూసి, విడతలు విడతలుగా పంపే అమరిక ఎలా పెట్టుకోవాలో వివరించి, తొమ్మిదింపావుకు మెయిల్ తెరిచాడు. టికెట్టులో మొత్తం నాలుగు సందేశాలు.

మిగిలినవి: రెండు ర్యాకుల్లో ఒకదానికి వడపోత పెట్టారు, రెండోది వచ్చే వారం. రెండో చిరునామా ఇవ్వని పాత ఖాతాలు ఇంకా చాలా ఉన్నాయి, వారికి ఈ నెలాఖరులోగా ఉత్తరాలు వెళ్లాలి. అమ్మకాల పేజీలో ‘అపరిమితం’ ఇంకా అలాగే ఉంది, చుక్క గుర్తుతో.